నాలుగు వేళ్ళ తేడా

“స్పేసర్లా? ఆ పని నేను బందు వెట్టి శాన దినాలైంది మేడం,” అన్నాడు బాఖర్, చేతిలోని పానాను గుడ్డతో తుడుస్తూ. తుడిచిన పానానే మళ్ళీ తుడిచాడు.

శోభారాణి ఆ సంగతి గమనించింది. గ్యారేజీలో ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీని లాక్కుని షట్టరుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఇప్పుడు లోపలివాళ్ళు బయటికి పోవాలన్నా, బయటివాళ్ళు లోపలికి రావాలన్నా ఆమెను దాటాల్సిందే.

బాఖర్‌ది బోధన్. బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో బండ్లను ఎత్తు చేసే పని అంటే అతని పేరే చెబుతారు. చలికాలం వచ్చిందంటే ఎడారిలో గుడారాలు వేసుకునే కుర్రకారు తమ ఎస్‌యూవీలు తీసుకుని అతని దగ్గరికి వరస కడతారు. స్ప్రింగులు మార్చి బండిని పైకి లేపుతాడు. దానికి లావుపాటి టైర్లు వేస్తాడు. ఆ టైర్లు లోపల రాసుకోకుండా చక్రాలను బయటికి నెట్టే అల్యూమినియం బిళ్ళలు బిగిస్తాడు. ఆ బిళ్ళలే స్పేసర్లు.

“భాయ్, నేను తొమ్మిదేండ్లు స్పేర్ పార్టుల దుకాణంల కౌంటర్ మీద కూసున్న,” అంది శోభారాణి. “ఎవరు ఏం కొంటున్నరో ఇప్పటికీ నాకు ఫోన్ల మీద తెలుస్తది. దీపావళి తర్వాత నువ్వు రెండు జతల స్పేసర్లు తెప్పించుకున్నవు. అవ్వి ఏ బండికి పోయినయ్?”

బాఖర్ గుడ్డను భుజం మీద వేసుకుని, పానా తీసుకుపోయి గోడకున్న మేకుకు తగిలించాడు.

జింజ్‌లోని ఒక వకీలు ఆఫీసులో శోభారాణి ఇన్వెస్టిగేటరు. నిర్మల్ నుంచి వచ్చి బహ్రెయిన్‌లో స్థిరపడింది. ఈ నాలుగు రోజులుగా ఆమె తిరుగుతున్న కేసు పైకి చాలా చిన్నది. కర్జకాన్ దగ్గర తోటల రోడ్డు మీద, తెల్లవారుతున్న వేళ, లింగన్న అనే కూలీ సైకిలు మీద డ్యూటీకి పోతుంటే వెనకనుంచి ఒక బండి గుద్దేసి పోయింది. లింగన్న ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆ పొద్దున ఎత్తు చేసిన తెల్ల ఎస్‌యూవీ ఒకటి అటు తిరగడం చూశానని లింగన్న ఉండే కంపెనీ కూలీల క్యాంపు బాసు కిషన్ సాక్ష్యం చెప్పాడు. అలాంటి తెల్ల బండి నడిపేది అర్సలాన్ అనే డ్రైవరు. రిఫాలో ఒక కఫీల్ ఇంటికి, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంటికి, పనిచేస్తాడు. ఆ పొద్దున కఫీల్ తోట నుంచి పాలు తీసుకుని ఆ దారినే వచ్చానని అతనే ఒప్పుకున్నాడు. అంతే, పోలీసులు లోపల వేశారు. అతని కేసు తీసుకున్నది శోభారాణి వకీలే.

శోభారాణి అర్సలాన్‌ను కలిసినప్పుడు అతను ఏడవలేదు, ఒట్లు పెట్టుకోలేదు. “అక్కా, నేను గుద్దితే ఆగకుండ పోతనా? నా తమ్ముడు గూడ సైకిల్ మీదనే పనికి పోతడు,” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె కర్జకాన్ పోయింది. ప్రమాదానికి ముందు రోజు పడ్డ వానకు రోడ్డు పక్క మట్టి మెత్తబడి ఉండటం అదృష్టం. గుద్దిన బండి మట్టిలోకి దిగి మళ్ళీ రోడ్డెక్కిన జాడలు ఎండి గట్టిపడి అలాగే ఉన్నాయి. టేపు పెట్టి కొలిచింది. తర్వాత పోలీసు యార్డులో అర్సలాన్ బండి చక్రాల మధ్య దూరం కొలిచింది. రెంటికీ నాలుగు వేళ్ళ తేడా ఉంది. మట్టిలోని జాడే వెడల్పు.

అర్సలాన్ బండికి ఎత్తు ఉంది, లావు టైర్లున్నాయి, స్పేసర్లు లేవు. గుద్దిన బండికి మూడూ ఉన్నాయి.

“బాఖర్ భాయ్, మూలకు కవరు కప్పిన బండి ఎవరిది?”

“అదా? మామూలు బండి మేడం. కంపెనీ నుంచి వచ్చిన హైటే. సర్వీసుకు వచ్చింది.”

“జూడొచ్చా?”

“జూస్తె ఏముంటది మేడం...”

ఆమె అప్పటికే లేచింది. కవరు లాగితే బూడిద రంగు ఎస్‌యూవీ బయటపడింది. నిజమే, మామూలు బండే. ఎత్తు మామూలుగా ఉంది. టైర్లు మామూలుగా ఉన్నాయి. బాఖర్ ఊపిరి వదిలిన చప్పుడు ఆమెకు వినపడింది.

శోభారాణి డ్రైవరు తలుపు తీసి, స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పింది. తర్వాత చుడీదారుకు నూనె అంటుతుందని కూడా చూడకుండా ముందు చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఫోనులో లైటు వేసి చక్రం వెనకాల, మడ్‌గార్డు లోపలున్న నల్ల ప్లాస్టిక్‌ను చూసింది. దాని కింది మూల లేదు. కత్తితో నెలవంకలాగా కోసేశారు. కోసిన అంచు పైన టైరు రాసుకుని మెరుపెక్కిన చారలు కూడా ఉన్నాయి.

“భాయ్, ఇటు రా.”

బాఖర్ వచ్చాడు.

“ఇంత చిన్న టైరుకు ఈ ప్లాస్టిక్ ఎందుకు గోసినవ్? ఈ టైరు దానికి ఆమడ దూరంల ఉన్నది. రాసుకునే ముచ్చటే లేదు.”

బాఖర్ నేల చూపులు చూశాడు.

“స్ప్రింగులు తీసి మల్ల పాతవి ఎయ్యొచ్చు. టైర్లు మార్చొచ్చు. స్పేసర్లు ఇప్పొచ్చు. గోసిన ప్లాస్టిక్ అతుక్కుంటదా? ఈ బండి మొన్నటిదాంక ఎత్తుల ఉండె. నువ్వే లేపినవ్, నువ్వే దించినవ్. ఎవరు దించమన్నరు?”

“మేడం, నాకు పిల్లలున్నరు,” అన్నాడు బాఖర్ మెల్లగా. “ఈ గ్యారేజీ మూసుకుంటే...”

“లింగన్నకు లేరా? అర్సలాన్‌కు లేరా?”

అప్పుడే షట్టరు ముందు కారాగింది. దిగినవాడిని చూడగానే శోభారాణికి నోట్లో చేదు తగిలినట్టయింది. దేవేందర్. ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు, జగిత్యాల మనిషి. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో ట్యాబ్. కిందటి రెండు కేసుల్లో కోర్టు ఆమె మాట పక్కన పెట్టి అతని రిపోర్టునే నమ్మింది. ఆ సంగతి కనపడినప్పుడల్లా గుర్తు చేయకుండా ఉండడు.

“ఓహో, శోభారాణి గారు నాకన్న ముందే వచ్చిన్రు,” అని నవ్వాడు. “బాఖర్, నీ సంతకం ఒక్కటి కావాలె. అర్సలాన్ బండికి లిఫ్ట్ కిట్ నువ్వే వేసినవని. వేసినవ్ గదా?”

“ఏసిన సార్.”

“ఖలాస్. ఆ ఒక్క మాట చాలు. నా రిపోర్టు పొద్దుగాలనే పోయింది.”

“మట్టిల జాడ కొలిచిన్రా?” అడిగింది శోభారాణి.

“కొలిచిన.”

“నాలుగు వేళ్ళు ఎక్కువ ఉన్నది.”

“తడి మట్టి మేడం అది. బండి జారితే జాడ వెడల్పయితది. చిన్నపిల్లలకు గూడ తెలుసు.”

“జారితే గీత వంకర పోతది. అక్కడ రెండు జాడలు తాడు గుంజినట్టు సీదా ఉన్నయి. మీ ఫోటోలు మీరే జూడున్రి.”

దేవేందర్ ట్యాబ్ తెరవలేదు. “అయితే ఏందంటరు?”

“ఈ బండి అంటున్న.”

దేవేందర్ బూడిద రంగు ఎస్‌యూవీ చుట్టూ ఒకసారి తిరిగాడు. అతను అహంకారి అయితే కావచ్చు, గుడ్డివాడు మాత్రం కాదు. ముందు బంపరు దగ్గర ఆగాడు. నల్ల బంపరు మీద ఒక పక్కన సొట్ట, ఆ సొట్టలో నీలం రంగు గీత. మైనం పెట్టి రుద్దినా గాడిలోపలి రంగు పోలేదు. లింగన్న సైకిలు క్యారియర్‌కు ఉన్నది ఆ నీలమే. వంగి చూసిన దేవేందర్ ముఖంలో ఒక్క క్షణం ఏదో మారింది. అంతలోనే నిటారుగా నిలబడ్డాడు.

“రంగు కలుస్తది, ఒప్పుకుంట. ఎత్తు కలువది. సైకిల్ క్యారియర్ వంగింది నా తొడ మధ్యల. ఈ సొట్ట నా మోకాలు కొద్దిగ పైన. దీనికి దానికి మధ్యల ఐదంగుళాలు ఉంటది. కోర్టుల నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏం చెప్తరు?”

మంచి ప్రశ్నే. శోభారాణికి కోపం రావాల్సింది పోయి ఉత్సాహం వచ్చింది. నాలుగు రోజులుగా ఈ కేసులో ఆమెను సరైన ప్రశ్న అడిగినవాడు ఇతనొక్కడే.

“కోర్టు దాంక ఎందుకు? ఇక్కడనే అడుగుదాం. బాఖర్ భాయ్, ఈ బండికి ఏసిన స్ప్రింగులు ఎంత లేపినయ్?”

బాఖర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత భుజం మీది గుడ్డ తీసి టూల్ పెట్టె మీద పడేశాడు.

“మూడు అంగుళాలు. టైర్ల తోటి ఇంకో రెండు.”

“జాకీ పెట్టు.”

బాఖర్ పెద్ద జాకీని బండి ముందు కిందికి తోసి పంపు కొట్టసాగాడు. బండి ముక్కు మెల్లగా పైకి లేచింది. దేవేందర్ జేబులోంచి తన టేపే తీశాడు. ఆమె టేపు మీద అతనికి నమ్మకం లేదు. నేలమీద ఒక చివర ఆనించి, సొట్ట దాకా లాగి పట్టుకున్నాడు.

“మూడు లేచింది,” అన్నాడు. “నాలుగు. ఇంకొంచెం... ఆగు, ఆగు! ఐదు.”

“ఇప్పుడు మీ ట్యాబ్‌ల సైకిల్ క్యారియర్ ఎత్తు ఎంత రాసుకున్నరో సదువున్రి,” అంది శోభారాణి. “నా లెక్క కాదు, మీ లెక్కనే.”

దేవేందర్ ట్యాబ్ తెరిచాడు. చదవలేదు. టేపు వైపు చూశాడు, మళ్ళీ ట్యాబ్ వైపు చూశాడు. రెండు లెక్కలూ ఒక్కటే. టేపును చుట్టుకోనిచ్చి జేబులో వేసుకున్నాడు.

“ఎవరిది ఈ బండి?” అన్నాడు చివరికి. అడిగింది బాఖర్‌ను. గొంతులో వెటకారం లేదు.

బాఖర్ వెళ్ళి మూలనున్న డ్రమ్ములో చేయి పెట్టి నాలుగు అల్యూమినియం బిళ్ళలు బయటికి తీశాడు. వాటిని జాగ్రత్తగా ఇద్దరి కాళ్ళ దగ్గర పెట్టాడు.

“పారెయ్యమన్నడు. నేను పారెయ్యలె. ఎందుకు పారెయ్యలేదో నాకే తెల్వదు,” అన్నాడు. “బండి లింగన్న వాళ్ళ కంపెనీ కఫీల్ కొడుకుది. ఆ పోరడు సదువుకు బయటి దేశం పోయిండు. బండి కర్జకాన్ తోటల ఉంటది. తాళం చెవి కిషన్ భాయ్ దగ్గర.”

“ఏ కిషన్?”

“క్యాంపు బాసు కిషన్.”

అర్సలాన్ మీద సాక్ష్యం చెప్పిన కిషన్. ఈ నాలుగు రోజులుగా ఆసుపత్రిలో లింగన్న మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న కిషన్. ‘మావోడు లేస్తే నాకు ముందుగాల చెప్పున్రి’ అని వచ్చిన నర్సునల్లా బతిమాలుతున్న కిషన్. అతని ప్రేమ చూసి నిన్న ఆమే అతనికి చాయ్ తెచ్చి ఇచ్చింది.

“యాక్సిడెంట్ అయిన దినమే తెచ్చిండు,” బాఖర్ గబగబా చెప్పసాగాడు, ఆగితే మళ్ళీ చెప్పలేననే భయంతో. “ట్రాఫిక్ తనిఖీ ఉన్నది, కంపెనీ హైటుకు దించమన్నడు. నేను అడగలె. రెండు దినాలకు అర్సలాన్‌ను పట్టుకపోయిన్రని విన్న. అప్పుడు సమజైంది. ఆ పోరని బండి గూడ నేనే లేపిన మేడం. రాత్రిళ్ళు నిద్ర పడ్తలేదు. కొత్త బంపరు రేపొస్తది. అది బిగిస్తే...”

“బిగిస్తే ఏం మిగలది,” అన్నాడు దేవేందర్. బంపరు ఫోటోలు, కోసిన ప్లాస్టిక్ ఫోటోలు, నేలమీది బిళ్ళల ఫోటోలు వరసగా తీశాడు. తీస్తూనే, ఆమె వైపు చూడకుండా అన్నాడు: “నా రిపోర్టు నేనే వాపస్ తీసుకుంట. గని మీరు గెలిచిన్రని నేనెక్కడ చెప్పను.”

“చెప్పకున్రి. అర్సలాన్ బయటికొస్తే చాలు.”

దేవేందర్ పెదవుల మీద మొదటిసారి మామూలు మనిషి నవ్వు కనపడింది. బాఖర్ కూడా ముఖం తుడుచుకుని, “నేను వచ్చి పోలీసులకు చెప్త మేడం. యల్లా, ఇప్పుడే పోదాం,” అన్నాడు.

శోభారాణి వకీలుకు చెప్పడానికి ఫోను తీసింది. నంబరు నొక్కేలోపే అది మోగింది. ఆసుపత్రి నర్సు బేబి. భీమవరం అమ్మాయి. ఏదైనా ఉంటే చెప్పమని శోభారాణే మొన్న తన నంబరు ఇచ్చి వచ్చింది.

“మేడం, నేనండీ, బేబిని. మీరు ఒక్కరే ఉన్నారా?” గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

“నమ్మకమైనోళ్ళే ఉన్నరు. చెప్పమ్మా.” శోభారాణి ఫోనును స్పీకరులో పెట్టింది.

“లింగన్న గారు కళ్ళు తెరిచారండి.”

బాఖర్ పైకి చూసి రెండు చేతులూ ఎత్తాడు.

“ఎప్పుడు?”

“నిన్న పొద్దున్నేనండి.”

“నిన్ననా? మరి నిన్న నేనొచ్చినప్పుడు...”

“అప్పుడూ మెలకువగానే ఉన్నారండి. డాక్టరు గారికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పొద్దని ఆయనే బతిమాలారు. ఆ కిషన్ గారు పక్కనుంటే కళ్ళు మూసుకునే ఉంటారు. చెయ్యి కూడా కదపరు. ఆయన బయటికెళ్తే తెరుస్తారు. నాకేం అర్థం కాలేదండి. ఇవాళ కంపెనీ వాళ్ళు లింగన్న గారిని సాయంత్రం విమానానికి ఊరు పంపించేస్తారని తెలిసింది. అప్పుడు ఆయనే మీకు ఫోను చెయ్యమన్నారు. ఇవ్వమంటారా?”

“ఇయ్యి, ఇయ్యి.”

దుప్పటి కదిలిన చప్పుడు. తర్వాత బొంగురు గొంతు, ఎండిపోయిన నోటితో మాట్లాడుతున్నట్టు.

“అక్కా... నేను లింగన్నను.”

“చెప్పు తమ్మీ. నేను ఇంటున్న.”

“ఆడు బండి దిగిండక్కా. నేను మట్టిల పడి ఉన్న. లైటు ఏసి నా మొకం జూసిండు. ‘లింగన్నా’ అని పిలిసిండు. నేను ‘కిషనన్నా, లేపు’ అన్న. నిలవడి జూసిండు. జూసి మల్ల బండెక్కి పోయిండు.”

దేవేందర్ ట్యాబ్ మూసి చంకలో పెట్టుకున్నాడు.

“నేను లేస్తే ఏం జేస్తడో అని కండ్లు మూసుకొని పండుకున్న. నా పాస్‌పోర్టు గూడ ఆని దగ్గరనే ఉన్నది.”

“ఇగ భయపడకు. ఆ బండి దొరికింది. ఇప్పుడు నా ముందట్నే ఉన్నది. మేం వస్తున్నం.”

“దొరికిందా?” లింగన్న గొంతులో సన్నగా ఏదో వెలిగింది. “అయితే ఆ డ్రైవర్ పోరన్ని ఇడిసిపెడ్తరా? ఆడు గాదక్కా. పాపం, ఆడు గాదు.”

శోభారాణి జవాబు చెప్పేలోపే బేబి గుసగుస వినపడింది: “మేడం, కిషన్ గారు వస్తున్నారండి. వరండాలో ఉన్నారు. చేతిలో ఏవో కాగితాలున్నాయి.”

“ఫోన్ కట్ చెయ్యకు. జేబుల పెట్టుకో. ఏమైనా సరే మంచం దగ్గర్నుంచి కదలకు తల్లీ.”

దేవేందర్ అప్పటికే బయటికి పరుగెత్తి కారు స్టార్ట్ చేశాడు. తన ఫోనులో ట్రాఫిక్ ఆఫీసరుకు అరబ్బీలో గట్టిగా చెబుతున్నాడు. ఆసుపత్రి పేరు, వార్డు, కిషన్ పేరు. బాఖర్ స్పేసర్లు నాలుగూ గుడ్డలో మూట కట్టుకుని వెనక సీట్లో ఎక్కాడు. శోభారాణి ముందు కూర్చుంది. కారు కదిలింది. ఫోను ఆమె చేతిలోనే ఉంది. అందులోంచి అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.

“ఏం సిస్టర్, మావోడు లేసిండా?” కిషన్ గొంతు. తియ్యగా ఉంది.

“ఇంకా లేదండి.”

“అయ్యో పాపం. సరే, ఊరికి పంపుతున్నం గదా, ఈ కాగితాల మీద ఆనిది ఒక్క వేలిముద్ర కావాలె. చెయ్యి పట్టున్రి జెర.”

“స్పృహలో లేని మనిషి వేలిముద్ర చెల్లదండి. డాక్టరు గారు రానివ్వండి.”

“చెల్లుతది, చెల్లుతది. మీరు అట్ల బయట నిలవడున్రి సిస్టర్. నేను ఏపిచ్చుకుంట.”

“నేను వెళ్ళనండి.”

కుర్చీ జరిగిన చప్పుడు. ఎర్ర లైటు దగ్గర కారు ఆగింది. దేవేందర్ స్టీరింగు మీద గుద్దాడు.

అప్పుడు ఫోనులో మూడో గొంతు వినపడింది. బొంగురుగానే ఉంది. కానీ ఇందాకటిలా దాక్కుంటున్న గొంతు కాదు. వార్డంతా వినపడేంత గట్టిగా ఉంది.

“నా చెయ్యి ఇడువు కిషనన్నా. నాకు సంతకం వస్తది.”